గొడుగు అక్కడ పెట్టు

గొడుగు అక్కడ పెట్టు, ఆ ఇనుప బకెట్లో.
బెర్గెన్‌లో వానకి ఎవరూ క్షమాపణ చెప్పుకోరు.
ఏ కుర్చీ అయినా ఫరవాలేదు, ఆ కుంటిది తప్ప.
అది తూర్‌బ్యోర్న్‌ది.
ఊగితే తప్ప, కూర్చున్నది తనేనని తెలియదంటాడు.

పేరు చెప్పక్కర్లేదు.
మొదటి గురువారం నేను చెప్పాను, గున్వోర్ అని.
పక్కింటావిడ పేరు
పొరపాటున నా నోట్లోంచి జారినట్టు వినిపించింది.

బస్సు నడిపేదాన్ని.
ఒక నవంబరు పొద్దున సొరంగం దాటగానే
స్టీరింగు మీద రెండు చేతులు కనిపించాయి.
బాగానే తిప్పుతున్నాయి.
మలుపులో నెమ్మదించాయి,
చేతికర్ర ముసలాయన కోసం తలుపు తెరిచాయి.
నేను ఎక్కడో చివరి సీట్లో కూర్చుని
ఎవరో గానీ, ఈ డ్రైవరు జాగ్రత్తపరురాలే అనుకుంటున్నాను.
తర్వాతి స్టాపులో బస్సు ఆపి తాళాలిచ్చేశాను.

ఊరు ఊరులాగే ఉంది. అదే భయం.
ఏడు కొండల్నీ ఎవరో రాత్రికి రాత్రి
అట్టముక్కల్లోంచి కత్తిరించి నిలబెట్టారు.
చేపల బజారు వాసన వచ్చింది, నా దాకా రాలేదు.
ఇంటికెళ్తే ఐలిఫ్ పరుగెత్తుకొచ్చి నడుం చుట్టేశాడు.
అప్పుడు వాడికి ఏడేళ్ళు.
వాడు నా కొడుకని నాకు తెలుసు.
తెలియడం ఒక్కటే మిగిలింది.

మనసు మనసులో లేదు అంటారే,
మాటవరసకి అనే మాట.
నాకది చిరునామా.

డాక్టర్ల ముందు నా దగ్గర 'అన్నట్టు', 'లాగా' తప్ప ఏముంది?
కలలో నడుస్తున్నట్టు. దూదిలో చుట్టి పెట్టినట్టు.
ఒకాయన కళ్ళు పరీక్షించాడు.
ఒకావిడ విటమిన్లు రాసింది.
నాకు పిచ్చెక్కుతోందా అని అడగడానికి నాలుగేళ్ళు పట్టింది.
ఐదో ఏట ఒక కుర్ర డాక్టరు పెన్ను కింద పెట్టి
"కాదు. దీనికొక పేరుంది" అన్నాడు.
నోరు తిరగని పేరు.
పార్కింగులో నిలబడి పదిసార్లు పలికాను.
ఏడవలేదు. ఆ రోజుల్లో ఏడుపు కూడా పరాయిదే.

మోయలేనిది మీద పడ్డప్పుడు
ఇల్లంటుకోకుండా మనసే ఫ్యూజు పీకేస్తుందట.
నాకది చెల్లెలు పోయిన ఏడు.
అందరికీ అలాంటి ఏడు ఉండదు.
ఆ కిటికీ దగ్గర పిల్ల, సిన్నోవ,
దానికి ఏ కారణమూ దొరకలేదు.
వెతకడం మానేశాక కాస్త నిద్ర పడుతోంది.

ఇక్కడ ఎలా ఉన్నావని అడగం.
చేతిలో ఏముందని అడుగుతాం.
బల్ల మీద ఉతకని ఉన్ని ఉంది, గొర్రె కంపు కొడుతుంది.
నిమ్మకాయ చెక్కలున్నాయి.
కొరికితే నయమైపోతుందని ఎవరూ అనరు.
పులుపు నాలుగు క్షణాలు. ఆ నాలుగూ నీవే.
ఒక్కటి చెప్తాను:
ఇప్పుడు నిజంగా ఉన్నానా, ఇప్పుడో, అని తడుముకోకు.
పుండు మానిందా అని గీరి చూడటమే అది.

నాకు పూర్తిగా తగ్గిందా?
మొన్న వసంతంలో ఐలిఫ్, పదహారేళ్ళ వెధవ,
బంగాళాదుంపలు మాడ్చి, నా మీదే విసుక్కున్నాడు.
కోపం వచ్చింది.
నాకే వచ్చింది!
చెవులు వేడెక్కి, గొంతు పట్టేసి, అచ్చంగా నా కోపం.
గరిటె పట్టుకుని నవ్వుతుంటే
వాడు బిత్తరపోయి తండ్రికి ఫోన్ చేశాడు.
గిన్నెలు కడిగే దాకా ఉంది.
తర్వాత మళ్ళీ దూది, కానీ పల్చటిది.

అదుగో తూర్‌బ్యోర్న్, మెట్లు లెక్కపెడుతూ వస్తున్నాడు.
ఈ కప్పు పట్టుకో. చక్కెర అయిపోయింది.
వేడిగా ఉందా?
తెలియకపోతే తెలియదను.
ఆ మాటకి ఈ గదిలో ఎవరూ తలెత్తి చూడరు.