మెర

గురువారం గురువారం మా వ్యాను
నల్లగొండ పెద్దాసుపత్రి గేటు దాటి
చండూరు దిక్కు పోతది.
బ్యాగుల బీపీ మిషను, దూది, గాజుగుడ్డ,
తాళమేసిన చిన్న డబ్బాల మార్ఫిన్ గోలీలు.
తాళంచెవి నా మెడల, సిలువ పక్కన.

మారగోని జంగయ్యకు దవడ కింద పుండు.
"నొప్పికి పదిల ఎన్ని మార్కులేస్తవు పెద్దయ్యా?"
శిక్షణల నేర్పిన ప్రశ్న అది.
బడి మొఖం చూడనోన్ని
మార్కులడుగుతదేందీమె అన్నట్టు చూసిండు.
కిటికీలకెల్లి వనం దిక్కు చెయ్యి చూపిండు:
"అగో, ఆ పొడుగు తాడు. మట్టల కాడున్న."
ఫారంల నేను తొమ్మిది రాసుకున్న.

పోయిన వారం ఇచ్చిన గోలీలు
దిండు కింద ఇచ్చినయి ఇచ్చినట్టే.
"ఓర్సుకుంటుండు మేడం,
ఇగ పానం మీదికొస్తేనే ఒకటేస్త," అన్నది పెంటమ్మ.

జంగయ్య మెల్లగ కూసున్నడు.
"నలభై యేండ్లు గీసిన బిడ్డా.
డిపోల్ల తెల్లపొడి కలిపెటోళ్లు.
నేను ముంతెడు నీళ్లు గూడ కలపలే.
తాగినోడు తన కాళ్ల మీద ఇంటికి వోవాలె అనుకున్న.
ఇప్పుడు నన్నే మత్తుల పండవెడ్తవా?"

నా తాన జవాబున్నది.
మోతాదు, అలవాటు వేరు అవసరం వేరు,
పరీక్షల పది మార్కులు తెచ్చిన జవాబు.
నోటి దాక వచ్చి ఎండింది.

గోడకు మోకు వేలాడుతున్నది.
"పెద్దయ్యా, గొలకు దినాం ఎన్ని మెరలు?"
"మూడు పూటలు."
"ఒక పూట ఆగితే?"
"ఎండుతది. మల్ల దారికి తేవాల్నంటే
తాతలు దిగిరావాలె."
"గోలీ గూడ గంతే. నొప్పి ముదిరినంక కాదు, యాళ్లకు."

నవ్వబోయి దవడ పట్టుకున్నడు.

"మొదటి మూడు దినాలు కండ్లు మూతబడతయి,
తర్వాత తేటబడ్తది.
ఆ పొడి మనిషిని కింద పడేస్తది.
ఇది మోకు. నడుముకు సుట్టుకుంటే
రెండు చేతులిడిసి పని చేసుకుంటవు."

ఆ ఇంట్ల గడియారం లేదు.
కాయితం మీద బొమ్మలు గీసిన:
పాలవ్యాను. బడి ఒంటేలు గంట. రెండు గంటల బస్సు.
వీధిలైటు. సీరియలు అయిపోయినంక, పండేముందు, రెండు.
కడుపు బిగుస్తది, దానికి పచ్చగోలీ మానొద్దు.
పిలిస్తే పలకకపోతే, ఊపిరి నిదానమైతే
ఇంకోటి వెయ్యకు, నాకు ఫోన్ చెయ్యి.
"ఇప్పుడు నువ్వు చెప్పు," అన్న పెంటమ్మతోని.
బస్సు కాడ తడబడ్డది. మల్ల చెప్పింది.

తిరుగుదారిల అవ్వ యాదికొచ్చింది.
బోరునీళ్లకు మోకాళ్లు వంకరవోయిన మా అవ్వ.
శుక్రవారం శుక్రవారం ఆర్ఎంపీ సూది,
నడుమ నడుమ ఎర్రగోలీలు.
ఆ అట్టలు మెడికల్ షాపుకెల్లి నేనే తెచ్చేది,
నర్సింగు రెండో యేడుల.
కిడ్నీల పాఠం మూడో యేడుల వచ్చింది.

తర్వాతి గురువారం జంగయ్య
అరుగు మీద కూసోని కత్తి నూరుతున్నడు,
ఎవరి కోసమో.
"ఎక్కడున్నవు పెద్దయ్యా?"
"మోకు వేసిన. రెండు గుంజలెక్కిన. దిగుత."

ఏడు గురువారాలు.

ఎనిమిదో వారం పెంటమ్మ డబ్బా తెచ్చి
నా ఒళ్లె పెట్టింది.
"లెక్కవెట్టుకో. పద్నాలుగున్నయి."
పద్నాలుగే. రిజిస్టర్ల సంతకం చేసిన.
కాయితం గూడ ఇచ్చింది. ఏసినపుడల్ల
బొమ్మ పక్కన కుంకుమ బొట్టు పెట్టుకుంట వచ్చింది.
రెండు గంటల బస్సు కాడ ఆగినయి బొట్లు.

లేవబోతుంటే కొంగు పట్టుకున్నది.
"మేడం, నా మోకాళ్లకు ఆ సూది,
ఆర్ఎంపీ ఏస్తనంటుండు..."

బ్యాగు కింద పెట్టిన.
మల్ల కూసున్న.