గడియారం కింది రంగు

ట్రంకు రోడ్డు ఫ్యాన్సీ షాపులో
షంషాద్ నా చెయ్యి తిరగేసి చూసింది.
గడియారం తీసిన చోట
సన్నటి పట్టీ ఒకటి.
ఉద్యోగంలో చేరకముందు నేను.

"పొడి చర్మమా అక్కా, జిడ్డు చర్మమా?"
ఏం చెప్పేది?
పొద్దున ఏడింటికి పొడి,
పదకొండుకి జిడ్డు.
మినీ బైపాసులో
కృష్ణపట్నం లారీలు బారులు తీరాక
అది చర్మమో, టార్పాలినో.

పోయిన నెల కొన్నది చిక్కటి క్రీము,
గేదె మీగడే.
రాసుకుని సిగ్నల్ కింద నిలబడితే
ఊళ్ళో దుమ్మంతా చుట్టరికం కలుపుకుంది.
సాయంత్రం తుడుచుకుంటే
తువాలు మీద నా మొహం అచ్చు పడింది,
కనుబొమలూ, ముక్కూ,
విజిల్ ఊదే మూతితో సహా.
మా పెంచల్‌గాడు దాన్ని ఎత్తి పట్టుకుని
"ఇదెవురుమా?" అన్నాడు.

షంషాద్ తెల్లబరిచే డబ్బా ముందుకు తోసింది.
వద్దు తల్లీ,
నాకు తెలుపు అక్కర్లా.
నాది నాకొస్తే చాలు.

చివరికి నీళ్ళలాంటిది ఒకటి తీసింది.
ఎండని కూడా ఆపుతుందంట.
ఆ పట్టీ పక్కనే చుక్క వేసింది,
వాసన లేదు, జిగట లేదు,
చల్లగా ఇంకిపోయింది.
అట్ట తిప్పి రేటు చూశా.
"చిన్నది లేదా?"
"ఉంది గానీ నెలకు చాలదక్కా."
"సెలవు రోజు రాసుకోనులే."

బయటకొస్తే
ఆటోలు, బండ్లు, ఒక సిటీ బస్సు,
ముక్కుకి ముక్కు.
డ్యూటీ కాదు, యూనిఫాం లేదు.
అయినా చెయ్యి లేచింది,
చుక్క వేసిన చెయ్యే.

బస్సు ఆగింది.