వద్దన్న నాలుగు చీట్లలో ఒకటి

అరవై ఒకటి అవునని, నాలుగు వద్దని.
ఫిబ్రవరిలో, గుడి తలుపులేసి,
సంఘ పెద్దలు స్టీలు టిఫిన్ డబ్బాలో చీట్లు కలిపి లెక్కేసినారు.
ఆ నాలుగింట్లో ఒకటి నాది.
నా రాత తీతు మాస్టారుకు తెలుసు.
ద కింద దవత్తు దిద్దించింది ఆయనే,
రెండో తరగతిలో, వేలు పట్టుకోని.
చీటీ చూసినాడు, మడిచినాడు, జేబులో పెట్టుకున్నాడు.
పల్లెత్తు మాట అనలేదు.

నిన్న పొద్దుగూకి టెంపో వచ్చింది పుంగనూరు నుంచి.
గుజ్జు ఫ్యాక్టరీల మామిడి వాసన
గిరింపేట సందుల్లోకి దిగి బంక మాదిరి పట్టుకోనుండాది.
ముందు కుట్టుమిషను దిగింది,
తర్వాత రాగుల మూట,
తర్వాత ఊరగాయ జాడీని ఒళ్లో దాచుకోని వచ్చిన పిల్ల,
అందరికన్నా చివర్న ఆయన,
నెహెమ్యా అయ్యగారు,
దార్లో చెప్పు తెగి, ఒంటి చెప్పుతో.
దండ పట్టుకున్న పెద్దాయనకు
కాళ్లు చూసేదా మొహం చూసేదా తెలీలేదు.

రెండేళ్లు మాకు కాపరి లేడు.
రూతమ్మత్త పోయిన రోజు
సమాధి కాడ తీతు మాస్టారుకు గొంతు పూడుకుపోయి
పుస్తకం నా చేతిలో పెట్టినాడు.
పార పట్టుకున్నోళ్లు ఆగి చూస్తా ఉండారు.
ముప్పై ఏళ్లు పాల డెయిరీలో లెక్కలు రాసినదాన్ని,
లీటర్లూ వెన్న శాతాలూ తప్ప
గట్టిగా ఏదీ చదివినదాన్ని కాదు.
చదివినాను.
ఇంగ ఆ వారం నుంచి ఆదివారాలన్నీ నావే.
నాకు ఊపిరి చాలదు, ఆగాల్సిన చోటల్లా
పెన్సిల్‌తో సన్నని గీత పెట్టుకున్నాను.
రెండేళ్ల గీతలు.

వద్దని రాసింది ఆయన్ని కాదు.
పరీక్ష ప్రసంగం బాగానే చెప్పినాడు,
చానా పొడుగు, అయినా బాగానే.
నేను వద్దనింది
మళ్లా మూడో బెంచీలో, ఫ్యాను కింద,
నోరు మూసుకోని కూర్చునే ఆదివారాల్ని.
దీన్ని ఎవురికి చెప్పేది?
దేవుడికి చెప్తే నవ్వినట్టుండింది.

రాత్రి తాళాలు ఇచ్చినాను.
పెద్దది గుడిది, వంకరది వంటింటిది, తిప్పేముందు కొంచెం పైకి లేపాల.
మైకు తడిచేత్తో ముట్టుకోవద్దన్నాను.
వానొస్తే బకెట్టు ఎడమ కిటికీ కింద.
యోనా తాతకు కుడి చెవి వినపడదు, ఎడమపక్క నిలబడి ప్రార్థన చేయాల.
సెలోమి ఏడిస్తే ఆపొద్దండి, తనే ఆపుకుంటుంది.
చెప్తా చెప్తా ఉంటే
ఇల్లు ఖాళీ చేస్తా ఉండేది నేనేమో అనిపించింది.
ఆయన అన్నీ అరచేతిలో రాసుకున్నాడు, కాయితం లేక.

పొద్దున ప్రెస్బిటరీ నుంచి వచ్చిన పెద్దయ్యగారు
"ఈయన్ని మీ కాపరిగా అంగీకరిస్తారా" అని అడిగినారు.
లేచి నిలబడినాం.
అందరూ ఒక్కసారే అన్నారు.
నా మాట ఒక గుక్క వెనకబడి
ఒంటరిగా పోయి గోడకు తగిలింది.
పిల్లకాయలు కిసుక్కుమన్నారు.
తీతు మాస్టారు ఎందుకో జేబు తడుముకున్నాడు.

అయ్యగారు పుస్తకం తెరిచినాడు.
పేజీ మీదికి వంగి, అట్లే ఉండిపోయినాడు కాసేపు.
నాకు ఒళ్లంతా చెమట.
రాత్రే తుడిచేసుండాల,
మనవడి రబ్బరు ఉండింది గదా ఇంట్లో.

చదవబట్టినాడు.
నా మొదటి గీత కాడ
ఆగినాడు.
ఊపిరి తీసుకున్నాడు.
రెండోదాన్ని చూసుకోకుండా దాటిపోయినాడు.
మూడోదాని కాడ మళ్లా ఆగినాడు.

మూడో బెంచీలో, ఫ్యాను కింద,
నేనూ తీసుకున్నాను.