నా వైపు చెవి

నెల్లిమర్లలో మా బడి వంటపాక గోడకి అవతలే
ఆ రేకుల షెడ్డు.
పప్పు ఉడుకుతుంటే ధన్‌మని పడేది,
పోపు వేస్తుంటే ధన్‌మని పడేది ఇనుము.
ఉలిక్కిపడ్డం మానీసి పదేళ్ళయింది.

నలభైయారేళ్ళకి
చీర మీద మావోడి టీషర్టు తొడుక్కుని
నాను లోపలికెళ్ళిన రోజు
కుర్రగుంటలు ఒక్కరూ నవ్వలేదు. అదే సిత్రం.
హేమసుందరి తన నోటుబుక్కు ఇచ్చింది:
వారానికి ఆరు రోజులు, పొద్దూ మాపూ,
స్నాచ్ ఇన్ని, జెర్క్ ఇన్ని, ఎనభయ్యైదు శాతం.
పదహారేళ్ళ పిల్ల. స్టేట్ మీట్ యాభై రోజుల్లో ఉంది దానికి.
నాకేటి తెలుసు,
మంచి లెక్కంటే పెద్ద లెక్కే అనుకున్నాను.
రాత్రి కూకుని తప్పుల్లేకుండా ఎక్కించుకున్నాను.

మూడో నాటికి గరిటె లేవలేదు.
గుడ్లు వలుస్తుంటే వేళ్ళు వణికి
తెల్లదంతా పెంకుతోటే ఊడొచ్చింది.
పిల్లలకి పచ్చసొనలు వడ్డించాను ఆ రోజు.

ఎవలికీ సెప్పలేదు గానీ
తవిటయ్య మాస్టారికి నా నడకలోనే తెలిసిపోయింది.
జూట్‌మిల్లులో గోనె బేళ్ళు మోసిన మనిషి,
ఒక భుజం ఇంకోదానికన్నా రెండంగుళాలు కిందకుంటాది.
"ఎందుకొచ్చేవమ్మా?"
బలానికన్నాను.
"బలం అన్నది పేరు. పని సెప్పు."

ఎంతసేపు నిలబడ్డానో.
కుచ్చిళ్ళు జానెడెత్తి కుడిపాదం చూపించాను,
సాంబారు కాలిన మచ్చ, తమలపాకంత.
డేగిశాకి రెండు చెవులు మాస్టారూ,
ఒకటి నీలవేణిది, ఒకటి నాది.
పొయ్యి మీంచి దించుతుంటే నా వైపు చెవి వాలిపోతాది.
వాచ్‌మేన్ సూరపునాయుడు వస్తాడు, దించుతాడు,
దించినందుకు సాయంత్రం దాకా మాటలంటాడు.
నా వైపు చెవి వాలకూడదు.
అంతే.

హేమ లెక్కని మడిచి నా చేతిలోంచి తీసుకున్నారు.
"ఆ పిల్ల ఎనిమిదో యేట ఎక్కడం మొదలెట్టిన మేడ ఇది.
నువ్వింకా గుమ్మంలో చెప్పులిప్పుతున్నావు."
కేలెండరు చింపి వెనక నా లెక్క రాసేరు:
సోమ, బుధ, శుక్ర.
పదిహేను రోజులు ఒట్టి గొట్టం,
నడుం వంచకుండా కూర్చోడం, కాళ్ళతో లేవడం.
తర్వాత పదిహేను కిలోల కడ్డీ,
ఐదేసి సార్లు, మూడు విడతలు.
ఐదోది మొదటిదానిలాగే లేస్తేనే
అటొకటి ఇటొకటి సిన్న బిళ్ళ. లేదా, లేదు.
పట్టు కోసం చంపావతి ఇసక నింపిన బకెట్టుతో షెడ్డు చుట్టూ నడక.
బియ్యం బస్తాలు దిగిన రోజు ఇక్కడికి రాకు,
ఆ రోజుకి బస్తాలే కసరత్తు.
"ఎంత నిద్రపోయేవో కూడా రాసుకో."
అది మాత్రం నాకు అబద్ధాలే రాయడం వచ్చింది చాన్నాళ్ళు.

గొట్టం పట్టుకోడానికి సిగ్గేసేది.
పోలీసు సెలక్షన్లకని వచ్చిన గిరిబాబు పక్కనే వంద ఎత్తి
ఇల్లెగిరిపోయేలాగ అరిచేవోడు.
నాను గొట్టం దించి, మెల్లిగా, ఎవలికీ ఇనపడకుండా
"ఐదు" అనుకునేదాన్ని.

తొమ్మిదో వారం. సాంబారు రోజు.
"పిలవనా?" అంది నీలవేణి గుమ్మం వైపు చూస్తా.
వద్దన్నాను.
మసిగుడ్డలు. కాళ్ళు ఎడంగా. పొట్ట నిండా గాలి.
లేచింది.
సాంబారు నా అంచు దాకా వచ్చి,
ఒక ములక్కాడ ముక్క తల పైకెత్తి చూసి,
ఎనక్కెళ్ళిపోయింది.
నాలుగడుగులు. దించేం.
సప్పుడు లేదు. గోడవతల మాత్రం ఎవలో ధన్‌మని పడేసేరు.

నీలవేణి అరచేతులు ఊదుకుంటా నాకేసి గుర్రుగా చూసింది:
"ఈసారి నా వైపు వాలిందేటే!"

సోమవారం షెడ్డు గుమ్మంలో ఇద్దరం.
దాని చేతిలో నా కేలెండరు కాగితం,
రాత్రి కూకుని తప్పుల్లేకుండా ఎక్కించుకున్నది.
మాస్టారు అందుకుని, చదవకుండానే నాలుగు మడతలు పెట్టి,
జేబులో పెట్టుకుని అడిగేరు,
"ఎందుకొచ్చేవమ్మా?"