రెండు మార్చిలు

డిసెంబరంటే లోకానికి సెలవులు.
ప్రెస్సుల పనిజేసేటోనికి
నెత్తిమీద పన్నెండు నెలల మోపు.
కిరాణం దుకాణాలకు, చిట్టీల కంపెనీకి,
మెట్టుగడ్డ పండ్ల డాక్టరుకు
కొత్త ఏడాదిని రీముల లెక్కన కోసి
పైన రేకుపట్టీ కొట్టి
సుతిలి కట్టి ఇచ్చేది మేమే.

రాత్రి పదకొండుకు వీరన్నపేట చేరుకుంటే
గల్లీల కుక్కల్ని చలి
ఉండలు చుట్టిపెట్టి ఉంటది.
సలోమక్క మిద్దెమీద కాగితపు చుక్క
ఎర్రగ ఊగుతుంటది.
వారం నుంచి నా బిడ్డను
నిద్రలనే చూస్తున్న.
చేతుల సిరా పోలేదని చెంప ముట్టను,
మోచేత్తోని దుప్పటి సర్దుత.

పద్దెనిమిది నెలలది బుడ్డి.
మాటలు నాలుగే:
అమ్మ, బువ్వ, కుక్క, వద్దు.
పొద్దటి ముచ్చట్లు స్వరూప చెప్తది.
సలోమక్క ఇచ్చిన కేకు పిల్లికి పెట్టి
కిస్‌మిస్ ఒక్కటే ఏరుకొని తిన్నదట.
ఉడకబెట్టిన అనపకాయల గింజలు
నా పాత చెప్పుల పోసిందట.
చుక్కను చూసి "బువ్వ" అన్నదట.

ఇయ్యాల ముచ్చట చెప్పలేదు.
గోడ చూపెట్టింది.
మొల ఉంది. క్యాలెండర్ లేదు.

మా ఇంట్ల క్యాలెండరంటే తిథులు కాదు.
కురుమూర్తి పాల లెక్క:
పోసిననాడు గీత, నాగా ఐతే సున్న.
గ్యాసుబండ ఎప్పుడు పెట్టింది,
టీకాకు ఏ బుధవారం పోవాలె,
మా అత్త చేబదులిచ్చిన మూడువేలు.

ప్లాస్టిక్ స్టూలు జరుపుకున్నదట,
ఎక్కి, పట్టుకొని, ఏలాడిందట.
పన్నెండు నెలలు ఒక్కపారి మీదవడ్డయట.
ఏడ్వలేదు. కూసొని
నిమ్మళంగ చింపిందట.
డిసెంబరైతే నమిలింది.
నోట్లె ఏలుపెట్టి స్వరూప తీసింది
ఇరవైనాలుగు నుంచి ముప్పై దాక,
తడితడిగ.

రేపోమాపో కురుమూర్తి వస్తడు.
"ఎన్ని నాగాలు వదినా?" అంటడు.
ఏం చెప్పాలె?
పాలు తాగిందీ ఇదే,
లెక్క తిన్నదీ ఇదే.

నడిరాత్రి ఇద్దరం కింద కూసొని
మైదాపిండి ఉడికించి అతికిస్తున్నం.
ఏ ముక్క పక్కన ఏ ముక్క కూసోవాల్నో
నా ఏళ్లకు ఎరుకే.
జనవరిల ఒక కాడ, పెన్సిలుతోని: "పన్ను వచ్చింది."
ఆగస్టు తొమ్మిది మీద
అదే గుండ్రటి రాత, జర చిన్నగ:
"ఐదు అడుగులు ఏసింది. ఈయన చూడలే."

నేనేం అనలే. తనూ అనలే.
ఆ ముక్కకు జిగురు
జర ఎక్కువే పెట్టిన.

ముప్పై ఒకటి నాడు
బాసిత్ సాబ్ పగటిపూటనే షట్టర్ దించిండు.
"పో, బచ్చీ తోని ఉండు."
పనికిరాని కట్టలకెల్లి ఒకటి గుంజుకొచ్చిన:
ప్లేటు తప్పి మార్చి రెండుసార్లు పడ్డది,
ఏప్రిల్ లేనేలేదు.
"పాలమూరు ఎండల్ల ఒక నెల తప్పింది పో"
అన్నది స్వరూప.
ఈసారి మొల పైకి కొట్టిన.

మబ్బు పడ్డంక
జనమంత క్లాక్ టవర్ దిక్కు పోతున్నరు,
చేతుల్ల కేకు డబ్బాలు.
మేం వాకిట్లనే కూసున్నం.
బుడ్డి నన్ను కొత్తోన్ని చూసినట్టు చూసింది.
చానాసేపు చూసింది.
చూసి, గడపకాడికెల్లి నడిచింది.
నేను లెక్కపెట్టిన, పదకొండు.
మధ్యల ఒకసారి కూలవడ్డది,
అది లెక్కల పట్టలే.
నా చేతుల కిరసనాయిలు వాసన చూసి
"వద్దు" అన్నది.
అని, ఒళ్లె కూసున్నది.

అతికిన పాత క్యాలెండర్ల
ముప్పై ఒకటో గడి ఇంకా ఖాళీగనే ఉంది.
పెన్సిలు యాడున్నదంటే
స్వరూప బుడ్డి పిడికిలి చూపెట్టింది.