మేకు కన్నం

పార తగిలించే చోట ఎన్‌లార్జర్ నిలబెట్టాను.
ట్రేలు పిల్లివి, మూడుసార్లు కడిగాను.
నీళ్లు వానపీపాలోవి.
డెవలపర్ సీసా మాత్రం నా కోటు లోపల,
పొదుగుతున్న గుడ్డులా.

"తలుపేసుకుని పది నిమిషాలు కూర్చో,
చిల్లులు వాటంతటవే చెబుతాయి"
అంది ఎన్‌లార్జర్ అమ్మిన ముసలావిడ.

చెప్పాయి.
గడప కింద గీత,
రేకు అంచున గోరంత,
ఊడిన మేకు కన్నం ఒకటి.

బ్లైనౌలో ఎప్పుడో గాని కాయని ఎండ
ఆ కన్నంలో దూరి
ఎదుటి చెక్క మీద పడింది:
పలకరాతి గోడ అవతల ప్రొథరో,
తలకిందులుగా,
ఉల్లిసాళ్లకు నీళ్లు పోస్తున్నాడు.
నీళ్లు పైకి పడుతున్నాయి.

గ్వెనిత్ పోయాక
అతను పెరట్లోకి రావడం ఇదే చూడటం.

నల్లటేపు ముక్క వేలికొనకు అంటుకునే ఉంది.
ఆ సాలు అయ్యేదాకా ఆగాను.