వాలుగా దించాలి

గొట్టమంతా ఒకే వెడల్పు,
మూతి దగ్గరకొచ్చేసరికి నొక్కు.
రవ్వలు చెదిరిపోకుండా గుత్తిగా వెళ్ళాలని
ఎవరో కమ్మరి ఈ తుపాకీకి గొంతు బిగించాడు.
పేల్చేటప్పుడు మేలే.
నింపేటప్పుడే చిక్కంతా:
లోపల ఒదగాల్సిన అట్టబిళ్ళ
వాకిట్లోనే ఆగిపోతుంది,
గొంతులో వెలక్కాయలా.

ఆ చిక్కు నాకు తెలుసు.
నా పేరు లోయల్.
ఆ మొదటి అక్షరం దగ్గర
ఎన్ని దుకాణాల్లో, ఎన్ని గుమ్మాల్లో నిలబడిపోయానో
ఈ ఓజార్క్ కొండల్లో లెక్క తెలియనివాళ్ళు లేరు.
దయగలవాళ్ళు నా మాటను నాకే అందించేవాళ్ళు,
చంటాడికి చెంచాతో పెట్టినట్టు.

హెస్టర్ అత్త అందించేది కాదు.
ఆగేది.
పొగాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకుని
మళ్ళీ ఆగేది.

"బలం చూపించకురా దానికి.
వాలుగా పెట్టు, తపాలా డబ్బాలో ఉత్తరం జారవిడిచినట్టు.
నొక్కు దాటాక గజం కర్రతో తడితే
అదే వెల్లకిలా పడుకుంటుంది.
ఒక్క దళసరిది మొండికేస్తే
రెండు పల్చనివి మాట వింటాయి.
నడిమధ్య సూదిబెజ్జం మరవకు,
కిందున్న గాలి ఎటు పోవాలి మరి?
మొహం మాత్రం మూతి మీదికి తేకు.
మీ క్లైటస్ మామ కనుబొమ్మ
ఏ కాకి ఎత్తుకుపోయిందనుకున్నావ్?"

ఫిబ్రవరిలో పోయింది.
చర్చిలో నాలుగు మాటలు చెప్పమన్నారు.
అట్టకార్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకెళ్ళాను.
ఆమె పేరులో మొదటిది ఊపిరి.
ఊపిరి వచ్చింది,
దాని వెనక పేరు రాలేదు.
పాస్టర్ లేచి, నా భుజం తట్టి, కార్డు తీసుకుని
నా బదులు చదివేశాడు.
రెండుచోట్ల తప్పు చదివాడు.

ఏప్రిల్.
అదే కార్డు. వంటింటి బల్ల, ఇనప పంచ్, చెక్క సుత్తి.
పదకొండు బిళ్ళలొచ్చాయి.
ఒకదాని మీద 'హెస్ట',
ఒకదాని మీద 'ఎప్పుడూ తొంద',
ఒకటి ఉత్తి తెలుపు, అంచులో కాగితం.

తెల్లారకముందే తెల్ల ఓక్ మొదట్లో కూర్చుని
మందు పోశాను.
బిళ్ళను వాలుగా దించాను, నొక్కు దాటేదాకా ఊపిరి బిగపట్టి.
తిరగబడింది. సర్దుకుంది.
మీద నూనెలో నానిన ఉన్ని మెత్త.
దాని మీద సీసం, మందు కొలిచిన గిద్దెతోనే.
ఆపైన పల్చటి మూత,
దాణా దుకాణం క్యాలెండర్‌లోంచి కోసింది; పోయిన అక్టోబరు.
కర్ర మీద ఆమె కత్తితో పెట్టిన గాటు
మూతికి సరిగ్గా వచ్చింది.
రాగి టోపీ అన్నిటికన్నా ఆఖర.

రెక్క ఎముక పిలుపుగొట్టం
గాలి లోపలికి పీలిస్తే పలుకుతుంది.
అందులో నాకు నత్తి లేదు.
మూడుసార్లు ఆడపక్షినయ్యాను.
పొదల అవతల పుంజు నమ్మింది.

పడిందా అంటారా? పడింది.
ఆ కథ ఈ కొండల్లో ఎవరైనా చెప్తారు, నాకంటే గడగడా.
నేను పొగ విడిపోయేదాకా ఉండి
ఎండాకుల్లో వెతికాను.
ఉన్ని మెత్త ఇంకా రాజుకుంటోంది, బూటుతో తొక్కాను.
నాలుగడుగుల అవతల బిళ్ళ.
అంచులు కాలాయి.
'తొంద' అని రెండక్షరాలు మిగిలాయి.
జేబులో వేసుకున్నాను.

తుపాకీ కడగడానికి పెరట్లో వేడినీళ్ళు పోస్తున్నాను,
కుళ్ళిన గుడ్డు వాసన, నల్లటి నీళ్ళు.
ఎదురింట్లో కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళ పిల్ల
కంచె మీద గడ్డం ఆన్చి,
"నీ పేరేంటి?" అంది.

నోరు తెరిచాను.
నీళ్ళు కారుతూనే ఉన్నాయి గొట్టంలోంచి.
పిల్ల గడ్డం తియ్యలేదు,
ఎక్కడికీ పోలేదు.